పంచరత్నాల్లో అయిదోది

మా పెనుకొండ చుట్టుపక్కల కొన్ని ఇండ్లల్లో తాళి కట్టినాక పంచరత్నాలు చదవాల్సిందే. వధూవరుల మీద అయిదు పద్యాలు. గులాబీరంగు కాగితం మీద అచ్చేసి పంచుతారు. చాలామంది అందులో లడ్డు చుట్టుకొని పోతారు. ఏండ్లుగా వాటిని రాసేది నేనే. నా పద్యాల్లో ప్రాస కంటే ప్రయాస ఎక్కువ. అయినా అయిదోదానికి జనం కండ్లు తుడుచుకునేవాళ్లు. రాసే ముందు పెండ్లివారింటికి పోయి, కాఫీ తాగి, పోయిన పెద్దలెవరో కనుక్కొని, వాళ్లే పైనుంచి దీవిస్తున్నట్టు ఆ పద్యం కట్టేవాణ్ణి.

మొన్న హిందూపురంలో ఒక బట్టలంగడి వాళ్లింట పెండ్లి. ఈసారి కాఫీకి పిలవలేదు. మండపంలో పెండ్లికూతురి మేనమామ నా చేతిలో అచ్చుకాగితం పెట్టినాడు.

"మీకు శ్రమెందుకని ఫోన్లో ఏఐతోనే రాయించినాం సార్. మీ పాత కాగితాలన్నీ ఫోటోలు తీసి దానికి చూపిస్తి. అచ్చం మీ మాదిరే రాసె. మీరు చదివితే చాలు."

వేదికెక్కి చదవడం మొదలుపెట్టినాను. మొదటిది నేనే రాసినట్టుంది. రెండోది నాకంటే బాగుంది. అయిదోదాంట్లో పెండ్లికూతురి అవ్వ స్వర్గం నుంచి దీవిస్తోంది. ఆ అవ్వేమో ధర్మవరం పట్టుచీర కట్టుకొని, నా ఎదురుగానే కూర్చుని వక్కాకు నములుతోంది!

స్వర్గం తీసేసి, "ముందు వరస" అని తోచినట్టు అతికించి చదివేశాను. గణం చచ్చింది, అవ్వ బతికింది.

దిగినాక మేనమామ చెవిలో ఆ సంగతి చెప్పినాను, కొంచెం గర్వంగానే.

"మీ అయిదో పద్యాల్లో అందరూ సచ్చిపోయినోళ్లే గదా సార్, అదీ అట్లనే నేర్చుకునింది" అని ఆయన నవ్వి, ఫోనుతో అన్నాడు: "అవ్వ ఈడనే కూర్చోనుండాది. పట్టుచీర కట్టుకోని వక్కాకు నములుతాండాది."

నేను భుజం మీది అక్షింతలు దులుపుకునే లోపల కొత్త పద్యం వచ్చేసింది. గణాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆయన చదివి వినిపిస్తే అవ్వ కొంగుతో కండ్లు తుడుచుకుంది.

"భలే రాసినావప్పా" అంది నాతో.

"నేను కాదవ్వా, ఫోను."

"ఆ యప్ప మా ఇంటికి ఎప్పుడొచ్చినాడు?"

ఆ గులాబీరంగు కాగితంలోనే లడ్డు చుట్టుకొని బస్టాండుకు పోయినాను.

తిరుగు బస్సులో ఉండగా ధర్మవరం నుంచి ఒక పెండ్లికొడుకు నాయన ఫోను. వచ్చే పెండ్లి వాళ్లింట్లోనే. ఇంకా కాఫీకి పోవాల్సి ఉంది.

"పద్యాలు మేం చూసుకుంటాం సార్. మీరు చదివింది రికార్డు ఏదన్నా ఉంటే పంపండి. మీ గొంతు బాగుంటాది, ఫోను దాంతోనే చదువుతాది."

బస్సు సోమందేపల్లి దాటింది. రికార్డు నా ఫోన్లోనే ఉంది, నేనింకా పంపలేదు. పెండ్లికి రమ్మని మాత్రం ఆయన అనలేదు.