అంకెలకు కట్టిన దారాలు

బాలానగర్‌లోని ఆ ఫ్యాన్ల ఫ్యాక్టరీలో భూలక్ష్మి గొంతు చాలాకాలం ఎవరికీ వినపడలేదు. ఆమెను ఉద్యోగంలో పెట్టుకున్నదేమో గట్టిగా చదవడానికి.

నెలాఖరున బొంబాయి హెడ్డాఫీసుకు రెండు కాగితాలు వెళ్ళేవి. ఒకటి గుమాస్తా ఎల్లేశం తయారుచేసే పట్టిక. ఏ రకం ఫ్యాన్లు ఎన్ని తయారయ్యాయి, ఎన్ని బయటికి వెళ్ళాయి, ఎన్ని పాడయ్యాయి అన్నీ గళ్ళలో ఉండేవి. రెండోది మేనేజరు రామ్మోహనరావు చెబుతుంటే పుణ్యవతి టైపు చేసే నివేదిక. పట్టికలోని అంకెలే నివేదికలో మాటల మధ్య అక్కడక్కడా వచ్చేవి. చిక్కంతా అక్కడే. ఫ్యాన్లు తయారయ్యే షెడ్డు నుంచి కబురొచ్చినప్పుడల్లా ఎల్లేశం తన గడిలో అంకె కొట్టేసి కొత్తది వేసుకునేవాడు. నివేదికలో అది మూడు చోట్ల మారి, నాలుగో చోట పాతదే ఉండిపోయేది. బొంబాయివాళ్ళు దాని చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి, ఏది నిజమో తేల్చమని తిప్పి పంపేవారు. ఆ రోజు రామ్మోహనరావు టీ కూడా తాగేవాడు కాదు.

అందుకని ఒకరు పట్టిక పైకి చదవాలి, పుణ్యవతి నివేదికలో చూసుకోవాలి అని కట్టడి చేశారు. ఫ్యాక్టరీవాళ్ళకు ఖాకీ బట్టలు కుట్టే వీరేశం తన భార్య మేనకోడల్ని తీసుకొచ్చాడు. నానక్‌రామ్‌గూడ పిల్ల. ఊళ్ళో ఏడో తరగతి దాటి బడి లేక చదువు అక్కడే ఆగింది. ఇంగ్లీషు మాటలు కూడబలుక్కోవాలిగానీ అంకెలు బాగానే వచ్చు. మేనత్త ఇంట్లో ఉండి పనికి వచ్చేది.

అంకెలు వచ్చుగానీ అవి నోటి నుంచి బయటికి రావే! చుట్టూ టైపు మిషన్లు, కిటికీ అవతల రేకులు కొట్టే చప్పుడు, ఎదురుగా ఇంతమంది మగవాళ్ళు.

"అమ్మాయ్, చదువుతున్నావా, జపం చేసుకుంటున్నావా?" అనేది పుణ్యవతి. కోపంగా కాదు, బందరు యాసలో దీర్ఘం తీసి.

"నోట్ల బెల్లంగడ్డ వెట్టుకున్నట్టుంది. కరిగినంక చదువుతదిలే" అనేవాడు ఎల్లేశం.

అందరూ నవ్వేవారు. భూలక్ష్మి కూడా నవ్వి తల వంచుకునేది. ఆ నెలా రెండు అంకెలు తప్పిపోయాయి. రామ్మోహనరావు గదిలోంచి మాటలు బయటికే వినిపించాయి.

"ఈ ఒక్కసారీ చూడండి పుణ్యవతిగారూ. వినపడకపోతే ఇంకెవరినైనా పిలిపిద్దాం."

భూలక్ష్మి ఇంటికి పోయి ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఊరికి తిరిగిపోతే మళ్ళీ గేదెలు, పేడ. ఆమెకు గేదెలంటే పడకపోలేదు. కానీ పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని పుణ్యవతి పక్క కుర్చీలో కూర్చోవడం ఇంకా ఇష్టంగా ఉంది.

వరండాలో వీరేశం ఖాకీ బట్ట కత్తిరిస్తున్నాడు. ఒక్కొక్క అంగీ ముక్కలకు ఒక్కొక్క రంగు దారం ముడివేసి గుట్టలో పడేస్తున్నాడు. పచ్చదారం చేతులు, పచ్చదారం జేబు, పచ్చదారం మెడపట్టీ.

"ఎందుకు మామా?" అంది భూలక్ష్మి.

"గిట్ల గట్టకుంటే ఒకని చెయ్యి ఇంకొకని అంగీకి వోతది బిడ్డా. కొలత మారిందనుకో, దారం జూస్కుంట వోయి దానివన్నీ మారుస్త."

భూలక్ష్మి ఆ గుట్టకేసి చాలాసేపు చూసింది. మర్నాడు ఆమె సంచిలో నాలుగు రీళ్ళు, గుండుసూదుల పొట్లం ఉన్నాయి.

నెలాఖరున పుణ్యవతి నివేదిక చిత్తుప్రతి తీయగానే, భూలక్ష్మి ఒక పెద్ద అట్ట మీద ఎడమవైపు పట్టిక, కుడివైపు నివేదిక గుచ్చింది. పట్టికలో సీలింగు ఫ్యాన్ల అంకె దగ్గర సూది గుచ్చి, దానికి ఎర్రదారం కట్టి, నివేదికలో ఆ అంకె వచ్చిన ప్రతిచోటికీ లాగింది. టేబుల్ ఫ్యాన్లకు నీలం. నిలువు ఫ్యాన్లకు పచ్చ.

"ఏంది చెల్లె, ఆఫీసుల రైకలు కుడుతున్నవా?" ఎల్లేశం వచ్చి నిలబడ్డాడు.

భూలక్ష్మి అతని చేతిలోని కబురు చీటీ తీసుకుని, పట్టికలో సీలింగు ఫ్యాన్ల అంకె మార్చి, ఎర్రదారాలు వేలితో మీటింది. నివేదికలో నాలుగుచోట్ల సూదులు కదిలాయి. నాలుగూ మార్చింది. నోరు విప్పే పనే లేదు.

"ఓరి!" అన్నాడు ఎల్లేశం. పుణ్యవతి కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసి, "ఇదేదో బాగుందమ్మాయ్, నా గొంతుకి కూడా సెలవు" అంది. రామ్మోహనరావు గదిలోంచి వచ్చి తానూ ఒక దారం మీటి చూశాడు. సాయంత్రానికి ఆఫీసులో అందరూ ఒకసారి మీటిపోయారు.

ఇంతలో రామ్మోహనరావుకు ఒక ఆలోచన వచ్చింది. ఆ నెలే గోడకు బిగించే కొత్త ఫ్యాను తయారుచేయడం మొదలుపెట్టారు. అది పట్టికలో అన్నిటికన్నా పైన ఉండాలన్నాడు. ఎల్లేశం పట్టిక మళ్ళీ టైపు చేశాడు. భూలక్ష్మి పాతది తీసి, కొత్తది సరిగ్గా అదే చోట పెట్టి, అట్టకు పడిన పాత బొక్కల్లోనే సూదులు గుచ్చింది. పుణ్యవతి దారాల వెంట పట్టికలోని అంకెలు చూసుకుంటూ మంచి కాగితం మీద నివేదిక టకటకా కొట్టింది. రామ్మోహనరావు "దారాలున్నాయిగా" అని చదవకుండానే సంతకం పెట్టాడు. కవరు అంటించారు. ప్యూను పోచయ్య దాన్ని చంకలో పెట్టుకుని, గేటు దగ్గర ఆగి ఉన్న జీపు వైపు నడిచాడు. జీపు సికింద్రాబాద్ వెళ్ళి బొంబాయి రైలుకు టపా అందించాలి.

భూలక్ష్మి సూదులు తీయబోతూ ఆగిపోయింది. ఎర్రదారం గోడ ఫ్యాన్ల వరుసలోంచి వస్తోంది. నీలందారం సీలింగు ఫ్యాన్లలోంచి. పైన ఒక వరుస చేరి మిగతావన్నీ ఒక మెట్టు కిందికి జరిగాయి. దారాలు మాత్రం పాత బొక్కల్లోనే ఉన్నాయి. అంటే గోడ ఫ్యాన్ల అంకె వెళ్ళి నివేదికలో కూర్చుంది, సీలింగు ఫ్యాన్లు ముప్పై ఆరే!

ఊరుకుంటే ఈ పూటకు ఎవరికీ తెలియదు. చెప్తే దారాల పరువు పోతుంది, దాంతో తన కుర్చీ కూడా. పోచయ్య సగం దూరం వెళ్ళిపోయాడు. జీపు బుర్రుమంది.

భూలక్ష్మి కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

"పోచయ్య తాతా! ఆగు! జీపు ఆపుమను! కవరు తప్పు!"

టైపు మిషన్లు ఆగిపోయాయి. షెడ్డులో రేకులు కొట్టేవాళ్ళు కూడా సుత్తులు పట్టుకుని ఇటు తిరిగారు. పోచయ్య కవరు కింద పడేసుకుని, దాని కోసం వంగి, ఏమైందోనని చెయ్యెత్తి జీపుకు అడ్డం నిలబడ్డాడు.

రామ్మోహనరావు పరుగున వచ్చాడు. "ఎవరది అరిచింది?"

"మన భూలక్ష్మేనండి" అంది పుణ్యవతి, తనకే నమ్మకం లేనట్టు.

"తప్పు నాదే సార్" అంది భూలక్ష్మి. గొంతు ఇంకా దిగలేదు. "వరుస జరిగింది సార్. నేను పాత బొక్కలల్లనే గుచ్చిన."

రామ్మోహనరావు పోచయ్య తెచ్చిన కవరు చింపి చదివాడు. ఎండాకాలంలో దేశమంతటికీ ముప్పై ఆరు సీలింగు ఫ్యాన్లు! ముందు ముఖం ఎర్రబడింది, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "నేనూ చదవలేదుగదా! సంతకం నాదే."

పుణ్యవతి ఇంటికి వెళ్ళే బస్సు సంగతి మర్చిపోయి మళ్ళీ కాగితం ఎక్కించింది. ఈసారి భూలక్ష్మి దారాన్ని ముందు ఎడమ అంచున ఉన్న ఫ్యాను పేరుకు చుట్టి, ఆ తర్వాతే అంకె మీదికి తెచ్చింది. వరుస ఎక్కడికి జరిగినా పేరుతోపాటు దారం కూడా జరగాలి. అంతా అయ్యాక, ఎవరూ అడగకుండానే పట్టిక చేతిలోకి తీసుకుని మొదటినుంచి చివరిదాకా పైకి చదివింది.

"జర మెల్లగ చెల్లె, చెవులల్ల గుయ్యిమంటుంది" అన్నాడు ఎల్లేశం.

జీపు ఆలస్యంగా కదిలింది. వెళ్ళబోతూ రామ్మోహనరావు గుమ్మంలో ఆగి, "రేపు ఆ అమ్మాయి పేరు పర్మనెంటువాళ్ళ మస్టర్లో రాయించండి పుణ్యవతిగారూ. వినపడిందిగా!" అన్నాడు.

ఆ తర్వాత వీరేశం రీళ్ళు ఇవ్వనన్నాడు. "నా దారం మీ ఫ్యాక్టరీల జీతం లేకుండ నౌకరి చేస్తున్నదా?" అని. దాంతో స్టోరుకు చీటీ వెళ్ళింది, రంగు దారాల రీళ్ళు కావాలని. స్టోరువాడు చీటీ పట్టుకుని నేరుగా ఆఫీసుకే వచ్చాడు.

"ఎవరమ్మా గిది రాసింది? ఫ్యాన్లకు అంగీలు కుట్టిస్తున్నరా?"

"ఫ్యాన్లకు కాదన్నా, అంకెలకు" అంది భూలక్ష్మి, పక్క గదిలోవాళ్ళు కూడా తలెత్తి చూసేంత గట్టిగా. "జరంత ఎర్రది ఎక్కువ పంపు. సీలింగు ఫ్యాన్లు ఊకె మారుతయి."