పదకొండో రూలు

ఆఫీసులో అందరూ అతన్ని తలుపులాయన అంటారు. బయటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి ఎవరెవరు రావచ్చో రౌటర్‌లో రూల్స్ రాసిపెట్టడం అతని పని. జాబితాలో ఉన్నవాళ్ళకే దారి. మిగతావాళ్ళకి, దేవుడు దిగివచ్చినా సరే, తలుపు మూతే. పదిహేనేళ్ళుగా మనుషులు అతని దగ్గరికి వచ్చేది ఏదో ఒకటి తెరవమనడానికే. తెరిచాక అతని మొహం చూసినవాడు లేడు.

ఒక్క బాబాయి తప్ప. పని నేర్పిన పెద్దాయనను అతను అలాగే పిలిచేవాడు. రిటైరయ్యాక కూడా సర్వర్లను ఓ కంట కనిపెట్టి ఉండమని కంపెనీ ఆయన్ని అడిగింది. అందుకని ఆయన ఇంటి కనెక్షన్ కోసం రాసిందే పదకొండో రూలు. ఆ దారిన ఎన్నిసార్లు లోపలికి వచ్చారో లెక్కపెట్టే అంకె ఒకటి దాని పక్కన ఉంటుంది; రోజూ పదింటికి అది పెరిగేది. వెంటనే ఫోను మోగేది: "ఏరా, తలుపులన్నీ సరిగ్గా వేశావా?"

బాబాయి పోయి ఆర్నెల్లు కావస్తోంది. ఆ అంకె మళ్ళీ కదల్లేదు. ఆర్నెల్లు ఎవరూ వాడని రూలు తీసెయ్యాలన్నది ఆఫీసు కట్టుబాటు. పెట్టిందీ అతనే.

ఆదివారం బాబాయి ఇంటికి వెళ్ళి, ఆ పాత కంప్యూటర్ దుమ్ము దులిపి, దాంట్లోంచి ఒక్కసారి ఆఫీసులోకి వెళ్ళొచ్చాడు. అంకె పెరిగింది. చేసింది తప్పేనని అతనికి తెలుసు.

"బాగానే ఉందా అది?" అని పిన్ని గుమ్మంలోంచి అడిగింది.

"బాగుంది పిన్నీ. మళ్ళీ ఆర్నెల్లకి వచ్చి చూస్తాను."

పిన్ని లోపలికి వచ్చి బాబాయి కుర్చీ దులిపింది.

"దాన్ని రోజూ చూడక్కర్లేదా నాయనా?"