ఆ మాస్కు నేనే పెట్టుకున్నాను

తొంభైల చివర్లో సంగతి. ఇచ్చోడ దగ్గర పత్తి సాగు చేసేవాళ్లం. నిద్రలో మా ఆయన గురక ఉన్నట్టుండి ఆగిపోయేది. నేను కుదిపి లేపితేనే ఊపిరి అందేది. నిద్రలో శ్వాస ఆగే జబ్బని హైదరాబాదు డాక్టరు తేల్చి, ముఖానికి మాస్కు తగిలించే గాలి మెషిన్ వాడమన్నారు.

తెచ్చిన రోజే, రెండు నిమిషాలు కాకుండానే ఆయన మాస్కు లాగి పారేశారు. "గిది పెట్టుకుంటే పానం పోయేటట్టున్నది. నాకొద్దు!" అన్నారు. వారం దాకా దాన్ని ముట్టలేదు.

ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవారికి మళ్లీ ఊపిరి ఆగింది. పెదాలు నల్లబడ్డాయి. ఎంత కుదిపినా లేవలేదు. ఏడుస్తూ ముఖాన చెంబెడు నీళ్లు కొడితే, ఒక్కసారిగా గాలి ఎగపీల్చి కళ్లు తెరిచారు.

భయం కోపమైంది. "గిదేం పానం తీస్తదో సూస్త" అంటూ ఆ మాస్కు నేనే బిగించుకుని స్విచ్ వేశాను. గాలి ముక్కులోకి తోసుకొచ్చింది. అరుద్దామని నోరు తెరిస్తే అందులోంచీ గాలే బయటికొచ్చింది. వెంటనే పీకేశాను.

"నువ్వన్నది నిజమే, మస్తు భయమైతది. కానీ నీ ఊపిరి ఆగినప్పుడు నాకు గింతకంటే ఎక్కువ భయమైతది" అన్నాను.

ఆయన మాస్కు అందుకున్నారు. "జర పక్కనే కూసో" అని మాత్రం అన్నారు.

కాసేపటికి మాస్కుతోనే ఆయనకు నిద్రపట్టింది. గురక లేదు. మళ్లీ ఊపిరి ఆగిందనుకున్నాను. గబుక్కున ఛాతీ మీద చెయ్యి వేశాను. నెమ్మదిగా, తీరుగా పైకీ కిందికీ కదులుతోంది.

ఆయన చప్పుడు లేకుండా నిద్రపోగలరని పదిహేనేళ్ల కాపురంలో ఆ రోజే తెలిసింది. అయినా ఇప్పటికీ ఓసారి చెయ్యి వేసి చూడందే నాకు కునుకు పట్టదు.