మీసాలన్న ఎత్తుకున్న నీళ్ల బిందె

ఆ రోజుల్లో మా జనగామలో ఏ పనీ జరిగేది కాదు, అయినా ఎవరికీ తీరిక ఉండేది కాదు. బస్సులు తిరగవు, కాలేజీ తెరవరు, అయినా పొద్దున్నే తల దువ్వుకుని అందరం ఎంతో అవసరమైన పని ఉన్నట్టు బయల్దేరేవాళ్లం. ఎక్కడికంటే చౌరస్తాలో తెలంగాణ కోసం వేసిన దీక్షా శిబిరానికి. అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఉపన్యాసం ఇద్దామంటే రెండో మాటకే గొంతు ఎండిపోయేది, పాట ఎత్తుకుంటే డప్పు కొట్టే అన్న డప్పు ఆపి నా వైపు జాలిగా చూసేవాడు. దాంతో రోడ్డు మీద వంటావార్పు జరిగినప్పుడల్లా ఉల్లిగడ్డలు కోసే పని నాకే దక్కేది. (ఉద్యమంలో లాఠీ తగలకుండానే నా అంత ఏడ్చినవాళ్లు ఇంకెవరూ ఉండరు.) నాకు వచ్చిన విద్య ఒక్కటే, బొమ్మలు గీయడం. చిన్నప్పటినుంచీ బొమ్మల కథలంటే ప్రాణం. వాటిలో ఆడపిల్ల పని బావిలో పడటం, రాక్షసుడికి దొరకడం, 'కాపాడండి' అని అరవడం. అది తప్పని నాకెప్పుడూ తోచలేదు. నీళ్లు పల్లానికి పోతాయి, ఆడపిల్ల బావిలోకి పోతుంది, అంతే అనుకునేదాన్ని.

అలాంటి నా చేతికి ఒక జపాన్ బొమ్మల కథ వచ్చింది. హాస్టల్లో ఉండే నా స్నేహితురాలిది పెద్దవంగర దగ్గర లంబాడీ తండా. వాళ్లన్న హైదరాబాద్ ఫుట్‌పాత్ మీద కొని తెచ్చిన ఇంగ్లీషు అనువాదం అది. ఇద్దరం మంచం మీద బోర్లా పడుకుని కూడబలుక్కుంటూ చదివితే మొదట్లోనే అందరూ చచ్చిపోయారు, చివరికొచ్చేసరికి అందరూ బడికి పోతున్నారు. "ఏందే గిది, సచ్చినోళ్లు బడికెట్ల పోతున్నరు?" అంది నా స్నేహితురాలు. జపాన్ పుస్తకం కుడినుంచి ఎడమకు చదవాలని తెలిసేసరికి కథంతా అయిపోయింది. కానీ అందులో కత్తి పట్టింది ఒక అమ్మాయి. చెంపల దాకా కళ్లు, పిడికిట్లో పట్టేంత నడుము. ఆ రోజునుంచి నేను ఎవరి బొమ్మ వేసినా అవే కళ్లు, అదే నడుము.

ఈ సంగతి శిబిరం నడిపే మీసాలన్నకు తెలిసింది. ఆయన మా కాలేజీ సీనియర్, అసలు పేరు కన్నా మీసాలే పేరు. "చెల్లె, రేపు పగటీలి హైదరాబాద్ నుంచి పెద్ద లీడర్ వస్తుండు. ఒక బొమ్మల కథ గియ్యాలె. ఒక పిల్లను సంకెళ్లతోని కట్టేసిండ్రు, పిల్లంటే తెలంగాణ, సమజైందా? వీరుడొచ్చి తెంపాలె. వీరునికి మీసాలుండాలె" అన్నాడు. (ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన చెయ్యి మీసం మీదే ఉంది.) లీడర్‌కి నచ్చితే ఆ బొమ్మలు మహబూబాబాద్, భూపాలపల్లి శిబిరాలకు కూడా పోతాయట. నాకు అంతకన్నా పెద్ద కారణం ఇంకోటి ఉంది. "బొమ్మలు గీసే పనుంటే పో, ఊకె తిరుగుడైతే ఇంట్ల ఉండు" అని బాపు తేల్చి చెప్పాడు. ఈ బొమ్మల పని పోతే నా ఉద్యమం ఇంటి గడప దగ్గరే ఆగిపోతుంది.

మర్నాడు పొద్దున, మీసాలన్న చెప్పినట్టే రాత్రి గీసిన పెద్ద పెద్ద కాగితాలు తాడుకు వేలాడదీశాను. ఆ రోజు దీక్షలో కూర్చున్నవాళ్లంతా ఆడవాళ్లే, ఎక్కువమంది బీడీలు చేసేవాళ్లు. వాళ్లకు పెద్ద దిక్కు బీడీలవ్వ. ఆమె లేచి వచ్చి ముక్కు కాగితానికి ఆనేంత దగ్గరగా చూసింది.

"గీ పిల్ల కండ్లకేమైంది బిడ్డా? గట్ల ఉబ్బినయేంది? దవాఖానకు తీస్కపోయిండ్రా?"

"జపాన్ల గట్లనే గీస్తరవ్వా."

"గా నడుమేంది, మూటెత్తితె ఇరగదా? సరే గాని, ఎవలో కట్టేస్తుంటె ఊకున్నదా? చేతులున్నయి, పండ్లున్నయి. కరవకపోయిందా?"

నేను సరిగ్గానే ఉన్న కాగితాన్ని మళ్లీ సర్దాను. "మరి గీ మీసాల పిలగాడు వచ్చేదాంక ఏం జేసింది?" అనడిగింది. ఎదురు చూసిందని చెప్పాను.

"గిన్ని బొమ్మలల్ల ఊకె నిలబడ్డదా! నేను జరసేపు నిలబడ్తె బీడీలు తక్కువైనయని సేటు ఒర్లుతడు."

అందరూ గొల్లుమన్నారు. నేను సాయం కోసం నా స్నేహితురాలి వైపు చూశాను. ఆమె చేతులు కట్టుకుని, "మా తండోళ్లు ఒక్కలన్న లేరేందే? మేం ఉద్యమంల లేమా?" అంది. నా ముఖం మాడిపోయింది.

"ఏడ్వకు. మల్ల గియ్యి, మేం చెప్తం" అంది అవ్వ. ఆ తర్వాత అక్కడ జరిగింది బొమ్మలు గీయడం కాదు, కాపురం చక్కదిద్దడం. తలా ఒక మాట. పిల్ల కట్టేసినవాడి చెయ్యి కొరికింది. ముందు వరసలో అద్దాల లంగ కట్టిన తండా అక్క సంకెళ్లు లాగుతోంది. బీడీలవ్వ తన బీడీల చాటను డాలులా పట్టుకుంది. అందరూ కలిసి ఫట్‌మని తెంపేశారు. అంతా అయ్యాక వీరుడికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

"ఈయనను తీసెయ్యాల్నా అవ్వా?"

"పాపం, ఉండనియ్. మంచి పిలగాడే. ఎండల కొట్లాడెటోళ్లకు నీళ్లు దేవద్దా?"

అలా వీరుడి నెత్తిన బిందె పెట్టాను. మీసాలు మాత్రం చాలా శ్రద్ధగా దిద్దాను. అప్పుడే ఇస్త్రీ చొక్కాలో మీసాలన్న వచ్చాడు.

"గీ బిందె మోసేటోడెవడు?"

"నువ్వే బిడ్డా, మీసాలు కనవడ్తలేవా?" అంది అవ్వ ఎంతో ప్రేమగా.

"ఇజ్జత్ పోతది! తీసెయ్" అంటూ కాగితం మీద చెయ్యి వేశాడు. అవ్వ మాత్రం గొంతు పెంచలేదు. "తీసెయ్ బిడ్డా. మేం గూడ లేసిపోతం. మీ లీడర్‌కు ఉత్త టెంటు సూపియ్యి."

దూరంగా కార్ల హారన్లు. మీసాలన్న కాగితం వదిలేసి చొక్కా సర్దుకున్నాడు.

లీడర్ వచ్చి ఒక్కొక్క బొమ్మే చూశాడు. చివరికి బిందె దగ్గర ఆగి నవ్వాడు. "గీ తమ్ముడెవలో గని, ఇసుంటోళ్లే గావాలె ఉద్యమానికి" అన్నాడు. మీసాలన్న ఒక్క అంగలో ముందుకొచ్చి, "నేనే అన్నా!" అన్నాడు. "మరి నీళ్లేవి తమ్మీ? పొద్దటిసంది ఎండల వస్తున్న." మా అన్న అంత వేగంగా పరుగెత్తడం అంతకుముందుగానీ ఆ తర్వాతగానీ నేను చూడలేదు.

బొమ్మలు అన్నట్టుగానే ఊళ్లు తిరిగి, చివరికి వానకు తడిసి పోయాయి. మహబూబాబాద్‌లో ఎవరో బొమ్మలోని పిల్ల చేతిలో కారప్పొడి పొట్లం గీశారట. భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుల ఇంటి ఆడవాళ్లు వీరుడి ఖాళీ చేతికి సద్దిగిన్న కూడా తగిలించారట. నేను మాత్రం రాష్ట్రం రాగానే జనగామలో మొట్టమొదట బొమ్మల కథల ఆఫీసే తెరుస్తారని గట్టిగా నమ్మాను. అందులో నా కుర్చీ ఏ రంగులో ఉండాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. రాష్ట్రం వచ్చింది, ఆఫీసు రాలేదు. ఇప్పుడు బడిలో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. అయినా లీడర్ వచ్చిన రోజు సాయంత్రం మోచేతుల దాకా రంగులతో, కాళ్లు నేల మీద ఆనకుండా ఇంటికొచ్చిన అప్పటి నేనంటే నాకు ఇప్పటికీ ముద్దే. "ఏం గీసినవ్ బిడ్డా?" అని బాపు అడిగితే, "తెలంగాణను" అన్నాను గడప మీద నిలబడి, గడ్డం పైకెత్తి. బాపు నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు.

"మంచిది. చేతులు కడుక్కొని అన్నం తిను."