అక్క చదివిన నంబరు

పోయిన నెల మళ్లీ భూపాలపల్లి వెళ్లాల్సి వచ్చింది. రిటైరై ఇన్నేళ్లయినా ఆ ఆఫీసుకు నా మీద మోజు తీరలేదు. పింఛను సవరణ చేయాలంటే ఉద్యోగంలో చేరినప్పటి కాగితాలన్నీ మళ్లీ చూపించమన్నారు. అవేమో జనగామలో, మా ఇంటి కంప్యూటర్లో ఉన్నాయి. స్కాన్ చేయించి భద్రంగా దాచాను గానీ వెంట తెచ్చుకోవాలన్న బుద్ధి పుట్టలేదు.

బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటర్లో కూలబడ్డాను. ఇక్కడ కూర్చునే మా ఇంటి కంప్యూటర్ తెరవొచ్చట. అందుకు కావలసిన ప్రోగ్రాం మా అల్లుడు ఎప్పుడో పెట్టి ఉంచాడు. కాకపోతే అక్కడ తెర మీద వచ్చే నంబరు ఎవరో ఒకరు చదివి చెప్పాలి. ఇంట్లో ఉన్నది మా అక్క ఒక్కతే. ఫోన్ చేశాను.

"అక్కా, కంప్యూటర్ పెట్టి ఆ నీలం బొమ్మ మీద రెండుసార్లు కొట్టు. ఏం నంబరొచ్చిందో చదువు."

"ఆగురా, అద్దాలు పెట్టుకోనీ" అంది.

ఆ మాట వినగానే నాకు నీరసం ముంచుకొచ్చింది. ఇదే ఊళ్లో, ఇదే ఆఫీసు పని మీద, ఇదే అక్కను ఫోన్లో ఒక నంబరు చదవమని నేను ఇదివరకే ఒకసారి అడిగాను. ఎనభైల నాటి మాట.

అప్పుడు నేను రోజు కూలి మీద పనిచేసే గుమాస్తాను. భూపాలపల్లికి రాకముందు రెండేళ్లు మహబూబాబాద్‌లో చేశాను. మేమంతా దాన్ని మానుకోట అనే అంటాం. అక్కడి అద్దె గదిలో చెదలు నా పదో తరగతి మెమో సగం తినేశాక, మిగిలిన కాగితాలన్నీ జనగామ ఇంట్లో రేకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగేవాణ్ని, స్నానానికి కూడా తీసేవాణ్ని కాదు.

"చెదలకు తాళమెందుకురా? అవేమన్న తలుపు కొట్టి వస్తయా?" అని అక్క ఎగతాళి చేసేది. పెళ్లయిన మూడేళ్లకే బావ పోతే అక్క మా ఇంటికే తిరిగొచ్చి, జాకెట్లు కుట్టుకుంటూ ఉండేది. నేను నవ్వి ఊరుకునేవాణ్ని. ఆ తాళం చెదలకు కాదు, అక్కకే.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో మా బడి మూతబడింది. నేను ఎనిమిదో తరగతి, అక్క తొమ్మిది. మొదటి వారం పండగలాగే ఉండింది, తర్వాత నెలలకు నెలలు ఏమీ తోచేది కాదు. నాకు తోచలేదు గానీ అక్కకు అంత తీరిక ఎక్కడిది? మా అమ్మను అవ్వ అనేవాళ్లం. అవ్వకు నడుం నొప్పి, అందుకని వాడకట్టు బావి నుంచి పొద్దున పది బిందెలు అక్కే మోసేది.

బడి తెరిచాక పెద్దసారు ఇంటికొక కాగితం రాసిచ్చారు. బడి మూసినందువల్ల ఫలానా పిల్లలకు ఏడాది పోయింది, తిరిగి తరగతిలో కూర్చోనివ్వవచ్చు అని. నాయిన నన్ను పంపితే తీసుకున్నాను. అందులో మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. దారిలో నాకొక లెక్క తట్టింది. అక్క కూడా బడికొస్తే పది బిందెల్లో ఐదు నావి.

"కాగితం నా ఒక్కనికే ఇచ్చిన్రు" అని చెప్పాను ఇంటికొచ్చి.

నాయినకు చదువు రాదు. అక్క చూద్దామని చెయ్యి చాపింది. "మళ్ల సార్‌కే ఇయ్యాలె" అని జేబులో పెట్టుకున్నాను. "పోనీ, ఆడపిల్లకు గింత చాలుతీ" అన్నాడు నాయిన. తెల్లారి తరగతిలో సారు "మీ అక్కేదిరా?" అంటే "రాదు సార్" అన్నాను. ఆయన కాగితం చూసి నాకే తిరిగిచ్చేశారు. చింపేస్తే పీడ పోయేది. సర్కారు ముద్ర ఉన్న కాగితం చింపడానికి భయమేసింది. అబద్ధం చెప్పడానికి మాత్రం వేయలేదు.

అదే కాగితం మీద ఎనభైల్లో నా ఉద్యోగం ఆగింది. పర్మనెంటు చేసేవాళ్ల జాబితా తయారవుతోంది. కోస్తా నుంచి వచ్చిన సూపరింటెండెంటు నా ఫారం చూసి, "మధ్యలో ఈ ఏడాది ఎక్కడికి పోయావయ్యా?" అన్నాడు.

"బడి బందున్నది సార్."

"బందున్నదంట!" అని పక్క టేబులుకు వినబడేలా నా యాసలోనే అని నవ్వాడు. తర్వాత, రుజువు కాగితం నంబరూ తేదీ సాయంత్రంలోగా రాసిస్తేనే పేరు జాబితాలోకి ఎక్కుతుందని, అసలు కాగితం వారంలోపు చూపించవచ్చని చెప్పాడు. మళ్లీ జాబితా ఎప్పుడన్నది ఎవరికీ తెలియదు. అప్పటికే ఏడేళ్లుగా రోజు కూలి. ఇంకో ఏడేళ్లు తిరిగే ఓపిక నాకు లేదు.

బస్సులో జనగామ వెళ్లి సాయంత్రానికి తిరిగి రావడం కుదరదు. పోస్టాఫీసులో ట్రంకుకాల్ బుక్ చేశాను, మా వీధి కిరాణా షావుకారు దుకాణానికి. పదకొండింటికి బుక్ చేస్తే లైను ఒంటిగంటకు కలిసింది. షావుకారు మనిషిని పంపి అక్కను పిలిపించేసరికి ఉన్న మూడు నిమిషాల్లో రెండు అయిపోయాయి.

"అక్కా, నా పెట్టె అడుగున పెద్దసారు కాగితమున్నది, నీలం ముద్రది. తీసి పెట్టు. మళ్ల ఫోన్ చేస్త."

"చెవి ఏదిరా?"

మొలతాడు తడుముకున్నాను. "నా దగ్గరనే ఉన్నది. తాళం పగలగొట్టు" అన్నాను. లైను తెగింది.

మళ్లీ బుక్ చేసి బల్ల మీద కూర్చున్నాను. ఉద్యోగం పోతుందన్న భయం కంటే అక్క ఆ కాగితం చదువుతుందన్న భయమే ఎక్కువగా ఉండింది. నాలుగు కావస్తుండగా లైను కలిసింది. షావుకారు దగ్గర రెండు కిలోల తూకపు రాయి అడుక్కుని తాళం పగలగొట్టానని చెప్పి, అక్క నంబరు చదివింది, తేదీ చదివింది.

"చాలక్కా, ఇంక చాలు."

వినలేదు. చదువు ఆగిపోయినవాళ్లకు అక్షరం దొరికితే వదలరు. కిందికంటా చదువుకుంటూ పోయింది. "వీరిద్దరినీ తిరిగి తరగతిలో కూర్చోనివ్వవచ్చును" దగ్గర ఆగింది. "వీరిద్దరినీ" అని ఇంకోసారి చదివింది. మూడు నిమిషాలైందని మధ్యలో ఆపరేటర్ అంటోంది.

"నీ పేరు వరకే రాసుకో" అంది అక్క. "నాది అక్కరకు రాదు గద."

నా పేరు వరకే రాశాను. పర్మనెంటు అయ్యాను. ఆ వారమే జనగామ పోతే పెట్టెకు కొత్త తాళం వేసి ఉంది. రెండు చెవులూ పెట్టె మీదే పెట్టింది. అక్క అన్నం వడ్డించింది, బస్సులో తిన్నావా అని అడిగింది. ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తకపోవడానికి ప్రతిసారీ ఏదో ఒక సాకు దొరికేది. ఇన్నేళ్లు సాకులు వెతకడంలోనే సగం అలసిపోయాను.

"రాసుకో" అంది అక్క ఇప్పుడు, ఫోన్లో. ఒక్కో అంకె విడివిడిగా చదివింది. కొట్టాను. నా ముందున్న తెర మీద మా ఇంటి కంప్యూటర్ తెరుచుకుంది.

"ఓ తమ్మీ, ఇక్కడ బాణం దానంతలదే తిరుగుతున్నది!"

"నేనే అక్కా, తిప్పుతున్న."

కాగితాల్లో అన్నిటికంటే ముందు అదే తెరుచుకుంది. నీలం ముద్ర, ఇద్దరి పేర్లు. నాకు ఇక్కడ కనిపిస్తున్నది అక్కకూ అక్కడ కనిపిస్తోంది. ఇక సాకు వెతికే ఓపిక లేదు.

"అక్కా, అప్పుడు నేను అబద్ధం చెప్పిన."

"ఎరికే" అంది. "గా దుకాణంల నిలబడి చదివిననాడే ఎరికైంది. నువ్వు గప్పుడే అంటవనుకున్న, ఫోన్ పెట్టకుండ పట్టుకోనే ఉన్న. లైను తెగినంక గూడ జర సేపు పట్టుకున్న."

నేను బాణాన్ని తెర మీద అక్క పేరు కిందికి జరిపాను.

"జల్ది కానియ్యిరా," అంది అక్క, "కరెంటు పోయే టైమైంది."