బీరువాలో ఉందని చెప్పిన పటం

నాలుగేళ్లుగా ఒక పటం నన్ను తింటోంది. కాగితం మీద చేత్తో గీసిన చిన్న పటం. దాని సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. జాలి మాత్రం పడకండి. ఒళ్లు మండుతుంది.

నేను కర్నూలులో మెట్టసేద్యం గురించి పాఠాలు చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఆఫ్రికా నుంచి ఒకతను పరిశోధనకు వచ్చి, నాతోపాటు ఆలూరు వైపు ఊళ్లన్నీ తిరిగాడు. మా తెలుగు నేర్చుకున్నాడు. నన్ను 'అప్పా' అనేవాడు. అతని పేరూ దేశం పేరూ రాయను. పేర్లు రాసి చేసిన పాపం చాలు. అప్పట్లో ఒక అవ్వ మాకు పాత పాతర చూపించింది. భూమిలో గుంత తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన బండ పెట్టి మన్ను కప్పేవారట. అలా దాస్తే దొంగలకు దొరికేవి కావట. అతను అందులోకి దిగి మూరలతో కొలుచుకున్నాడు.

తన దేశం వెళ్లి అధ్యాపకుడయ్యాడు. తర్వాత అక్కడ యుద్ధం వచ్చింది. ఫోన్లు ఆగిపోయాయి. ఉత్తరాలు రాసి, సరిహద్దు దాటే లారీ డ్రైవర్ల చేతికిచ్చేవాడు. వాళ్లు అవతల ఫోటో తీసి నాకు పంపేవారు. ఒక ఉత్తరంతో ఆ పటం వచ్చింది. సైనికులు ఇళ్లలో గింజ మిగల్చడం లేదనీ, అవ్వ చూపినట్టే తన ఊరివాళ్లు విత్తనాలను తొమ్మిది పాతర్లలో దాచారనీ రాశాడు. అవి ఎక్కడెక్కడున్నాయో చూపే ఆ పటం గీసింది అతని మేనమామ, ఒకప్పటి బడిపంతులు. తవ్వినవాళ్లంతా చచ్చిపోయినా పిల్లలకు విత్తనం దొరకాలని గీశాడట. దీన్ని నీ దగ్గర పెట్టుకో, ఎవరికీ చూపొద్దు అని మాత్రమే నన్ను అడిగాడు.

ప్రింటు తీసి బీరువాలో పెట్టాను. మూడు నెలలు అక్కడే ఉంది. తర్వాత బయటికి తీసి, పాతర్ల మీద రాసిన నా వ్యాసంలో ఊరి పేరుతో సహా వేశాను.

ఎందుకు? ప్రొఫెసర్ పదవికి ఒక వ్యాసం తక్కువైంది. అంతే, అంత నీచమైన కారణం. ఊరి పేరు, పటం లేని సర్వే సర్వేనే కాదని మాకు నేర్పారు, నేనూ పిల్లలకు అదే నేర్పాను. అలవాటు కొద్దీ వేశానా? కాదు. ఊరి పేరు కొట్టేయడానికి నిమిషం పట్టదు, కొట్టేస్తే వ్యాసం తేలిపోతుందని ఉంచాను. అయినా మా వ్యాసాలు ఎవడు చదువుతాడులే అనుకున్నాను. నేను రాసినవి నా భార్య కూడా ఏనాడూ చదవలేదు. ఇది మాత్రం ఇంటర్నెట్‌లో పెట్టారు. చదవకూడని వాళ్లు చదివారు. నాకు పదవి వచ్చింది. కడపలో సభకు పిలిచి శాలువా కప్పితే సిగ్గు లేకుండా మెడ వంచాను.

యుద్ధం తగ్గాక అతను ఫోన్ చేశాడు.

"మిలిటరీ వాళ్ల చేతిలో పటం ఉండిందంటప్పా. తొమ్మిది పాతర్లూ తోడుకొని పోయినారు. ఇత్తడానికి గింజ ల్యాకపాయె. మా మామే పటం అమ్ముకున్యాడని ఊరోళ్లు ఆయప్పను తరిమేసినారు. యాడాడో తిరుగుతాండాడు."

నేను లేచి గది తలుపు మూశాను.

"నీకు పంపింది భద్రంగా ఉండాది కదప్పా?"

"బీరువాలో ఉండాది," అన్నాను.

"తెలుసప్పా. ఊరికే అడిగినా."

అతని మీద కూడా కోపం వచ్చింది. ఎందుకంత నమ్మాలి? ఒక్కసారి అనుమానించి, నోటికొచ్చినట్టు తిట్టి ఉంటే ఆ రోజే ఒప్పుకునేవాణ్ణేమో. చూశారా, ఇప్పటికీ తప్పును అతని మీదికే తోస్తున్నాను. ఇదీ నా బుద్ధి. మామ ఇంకా ఇంటికి రాలేదని అతను రాసినప్పుడల్లా 'దేవుడున్నాడు' అని జవాబిచ్చాను. నా అబద్ధంలోకి దేవుణ్ణి కూడా లాగాను.

పోయిన వారం మళ్లీ రాశాడు. మామకు జబ్బు ముదిరిందట. సొంత ఊళ్లో కన్నుమూయాలని అడుగుతున్నాడట. ఊరు ఒప్పుకోవడం లేదట. ఒక ముసలాయన చావడానికి కూడా చోటు లేకుండా చేసి, నేను తలుపు మీద ప్రొఫెసర్ అని రాయించుకుని కూర్చున్నాను.

ఈ పొద్దున ఆ వ్యాసాన్ని అతనికి పంపాను. కింద ఇలా రాశాను: "పటం బయటపెట్టింది మీ మామ కాదప్పా, నేను. ఇది మీ ఊళ్లో అందరి ముందర చదువు."

అతను చూశాడు. జవాబు రాలేదు. క్షమించమని నేను అడగలేదు, అడిగే మొహం లేదు. కానీ నాలుగేళ్ల తర్వాత ఇవాళ మధ్యాహ్నం అన్నం సహించింది. దానికి కూడా నా మీద నాకు కోపంగానే ఉంది.