జిప్సమ్ నేల మీద రెండు బకెట్లు

చాయ్ తాగుకుంట వినుండ్రి గని, నడుమల నవ్వకుండ్రి. ఇరవై రెండేండ్ల సంది టైల్స్ ఏస్తాన. నేనేసిన టైల్ లేసిందని వరంగల్‌ల ఒక్కలు చెప్పుండ్రని అందరి ముంగట అనెటోన్ని. లేసినయి! ఒక్కటి గాదు, వరుసకు వరుస. ఎవరింట్లనో అనుకునేరు, మా సొంత అక్క ఇంట్ల!

అక్కోళ్లది కాశిబుగ్గ. బావది చేనేత పని. చిన్నప్పటి సంది గుంట మగ్గం మీదనే కూసున్నడు. మోకాళ్లు అరిగిపోయినయి. ఇగ గుంటల కాళ్లు పెట్టొద్దని దవాఖానల చెప్పిండ్రు. ఎండకాలంల మగ్గం ఇప్పి, గుంట మొరంతోటి నింపిచ్చిండ్రు. ఆ అర్రల రెండు కుట్టుమిషన్లు పెట్టి బ్లౌజులు కుడ్తనన్నది అక్క. ఇగ ఆ ఇల్లు నడవాల్నంటె అదే దిక్కు. బావ మాత్రం మగ్గం పోయిన కాన్నుంచి మాటలే బంద్ చేసిండు. ఏమడిగినా "ఊఁ", లేకుంటె "ఊహూఁ".

గుంట పూడ్చిన నేల గదా, అంత ఎత్తుపల్లాలు. మా దోస్తు సలీం హైదరాబాద్ సైట్లల్ల ఫ్లోరింగ్ పని చేసి వచ్చిండు. "జిప్సమ్ స్క్రీడ్ పోద్దం అన్నా, తెల్ల పొడి నీళ్లల్ల కలిపి. దోశ పిండి లెక్క పోస్తె అదే సాపుగ పరుచుకుంటది" అన్నడు. పోసిండు. అబ్బ, అద్దం లెక్క వచ్చింది!

పోయేటప్పుడు నన్ను పక్కకు పిలిచిండు. "అన్నా, జర ఇను. ఇది సిమెంట్ గచ్చు గాదు. మంచిగ ఆరాలె. పాల మీద మీగడ లెక్క పైన ఒక పొర తేల్తది, దాన్ని మిషన్‌తోటి రుద్ది తీసెయ్యాలె. దుమ్మంత గుంజెయ్యాలె. తర్వాత ప్రైమర్. సిమెంటుకు, జిప్సమ్‌కు పడదు, నడుమ ప్రైమర్ లేకుంటె పట్టు ఇడుస్తది. ఆరిందో లేదో తెల్వాల్నంటె ఒక ప్లాస్టిక్ కవర్ అతికించి ఒక రోజు ఉంచు. లోపల చెమట పడితె ఆరనట్టే. ఇగ నీళ్లంటవా, సుక్క గూడ పొయ్యకు."

"నాకే చెప్తానవా సలీం? ఫికర్ చెయ్యకు పో!" అన్న.

అక్క శ్రావణంల ముహూర్తం పెట్టుకున్నది. బయట ముసురు పట్టింది, నేలేమో ఆరతలేదు. కవర్ అతికించి మర్నాడు తీస్తె లోపల చెమట. నేనేమనుకున్న? వానకాలం గదా, అన్నిటికీ చెమ్మనే అనుకున్న. మీగడ రుద్దుడు లేదు, ప్రైమర్ కొట్టుడు లేదు, అన్నీ ఇడిచిపెట్టిన. పైకెల్లి, సిమెంట్ గచ్చును తడిపి టైల్ ఏసుడు చెయ్యికి అలవాటాయె. రెండు బకెట్లు గుమ్మరించిన! నేల గటగట తాగింది.

గడప కాడ బావ నిలబడ్డడు. "సదానందం, సలీం నీళ్లు పొయ్యొద్దన్నడు గదా?"

నెలల సంది ఆయన నోట్లెకెల్లి అంత పొడుగు మాట రాలే. నేనేమన్న? "బావా, ఇది నా పని. నువ్వు పొయ్యి నీ మగ్గం సూస్కో!"

అన్నంక తెల్సింది. మగ్గం యాడున్నది? దాని గుంట మీదనే నేను నిలబడ్డ. బావ మొఖం ఏం మారలే. "ఊఁ" అని పోయి బయట అరుగు మీద కూసున్నడు. నాకు సారీ చెప్పబుద్ధి గాలే, సిగ్గు. వంచిన తల ఎత్తకుంట టైల్స్ ఏసుకుంట పోయిన.

మూడు వారాలకు ముహూర్తం. చుట్టుపక్కల ఆడోళ్లందరు వచ్చిండ్రు. అక్క పసుపు కుంకుమ పెట్టి, మిషన్ ముంగట కూసోని పెడల్ తొక్కింది. నాలుగు కుట్లు పడ్డయో లేదో, టప్! మిషన్ కింద టైల్ లేసింది. దాని పక్కది, దాని పక్కది... వరుసంత గుడిసె కప్పు లెక్క పైకి లేసింది. మిషన్ ఒక దిక్కు ఒరిగింది. నేను ఉరికి ఒక టైల్ పట్టుకుంటె అప్పడం లెక్క చేతికి వచ్చింది. ఎనుక చూస్తె నా సిమెంట్ పేస్ట్, దానికి అంటుకొని తెల్లటి పొర. సలీం చెప్పిన మీగడ!

"తమ్మీ... ఏందిరా ఇది?" అన్నది అక్క. కోపం చేస్తె బాగుండు. కోపం చెయ్యలే. లేచి వంటింట్లకు పోయింది. కొంగు నోట్ల పెట్టుకున్నది, నేను చూసిన. బావనే చాప తెచ్చి లేసిన టైల్స్ మీద పరిచి, "కూసోండ్రమ్మా, చాయ్ తాగి పోండ్రి" అన్నడు.

సలీం వచ్చి నేల గోటితోటి గీకిండు. మెత్తగ పొడి రాలింది. "నీళ్లు పోసినవా అన్నా?"

"లే... జర తడిబట్ట పెట్టిన."

"రెండు బకెట్లు" అన్నడు ఎనుక నుంచి బావ.

టైల్స్ అన్నీ పీకినం. ఫ్యాన్లు పెట్టి నెల దాటిందాక ఆరబెట్టినం. కవర్ లోపల చెమట ఆగిందాక సలీం నన్ను అర్రల అడుగు పెట్టనియ్యలే. మెత్తబడ్డ కాడ గీకిచ్చి మల్ల పోసిండు. అక్క కుట్టుడు వంటింట్లనే, పొయ్యి పక్కన. పోయినప్పుడల్ల నేను తల ఎత్తలే.

రుద్దేనాడు నేను మిషన్ పట్టుకుంటె, బావ పీట మీద కూసోని అరచెయ్యితోటి నేల నిమురుకుంట వచ్చిండు. నేసేటప్పుడు ఒక దారం పోగు తప్పితె ఎట్ల పట్టుకుంటడో అట్ల. "ఈడ పొర ఉన్నది" అంటడు. నా కంటికి ఏం కనపడది. రుద్దితె తెల్లగ లేస్తది! పన్నెండు చోట్ల చెప్పిండు, పన్నెండూ నిజమే.

మిషన్ ఆపిన. "బావా, ఆ రోజు నేనన్న మాట..."

"రుద్దు" అన్నడు.

రుద్దిన. దుమ్ము గుంజి, ప్రైమర్ కొట్టి, అది ఆరినంకనే టైల్స్ ఏసిన. సుక్క నీళ్లు పొయ్యలే. ఇప్పుడు కట్టెతోటి కొట్టినా గట్టి సప్పుడే.

మొన్న అక్క దగ్గరికి ఒకామె బ్లౌజు కొలతలియ్య వచ్చింది. "నేల ఎంత సాపుగున్నది! ఎవరేసిండ్రు? మా ఇంట్ల గూడ ఏపియ్యాలె" అన్నది. నేను చొక్కా సదురుకొని ముందుకు వచ్చిన.

బావ అందుకున్నడు. "మా బామ్మర్దేనమ్మా. సలీం దగ్గర పని నేర్చుకుంటాండు." అని నవ్విండు. మగ్గం ఇప్పినంక నవ్వుడు అదే మొదలు.

ఆమె నా తెల్లజుట్టు దిక్కు చూసింది. "ఈ వయసులనా?"

"ఔనమ్మా, ఇంకో ఆరు నెలలైతె పని వచ్చేస్తది" అన్న.